జులై డబ్బా

మంగళవారాలు ధరల చీటీలు అంటించడం నా పని.
కింగ్‌స్టన్‌లో, చర్చి వెనక పాత సామాన్ల కొట్టు;
టాస్మేనియా చలికి అక్కడి హీటరు
ఒక మోకాలికి సరిపోతుంది, రెండోదానికి చాలదు.

ఆ రోజు అట్టపెట్టెలో పదకొండు రేకు డబ్బాలు.
ఎవరో డచ్చి ఆయన పోతే, ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పంపారు.
మూతల మీద ఏదో పాత పిల్లల పుస్తకంలోని బొమ్మలు:
చెక్కజోళ్ల పిల్లాడు బాతుకి చదువు చెబుతున్నాడు,
ఎగిరిపోయిన టోపీ వెనక వీధి వీధంతా పరిగెడుతోంది,
గడ్డకట్టిన కాలువ మీద ఒక ముసలమ్మ
కుర్చీని తోసుకుంటూ జారుతోంది,
పడబోతోంది, పడదు.

మా భీమిలిలో డచ్చివాళ్లంటే సమాధులు.
చదవరాని రాతలున్న ఆ రాళ్ల చాటున
దాగుడుమూతలాడి, దొంగని తిట్టుకుని, ఇంటికి పోయేవాళ్లం.
వాళ్లకీ పిల్లలుంటారనీ, ఆ పిల్లలకి జలుబు చేస్తే
మంచం పక్కన ఎవరో బొమ్మల పుస్తకం తిప్పుతారనీ
యాభై రెండేళ్లొచ్చేదాకా నాకు తోచలేదు.

"డబ్బా మూడు డాలర్లు" అంది మొయిరా.
చీటీ ఎక్కడ పెట్టినా ఎవరిదో మొహం మూసుకుపోతోంది.
బోర్లించి అడుగున అంటించాను.
అడుగున నెలల పేర్లు.
రెండుసార్లు లెక్కపెట్టాను. జులై లేదు.

ఎక్కడుందో నాకు తెలుసు.
మా పొయ్యి పక్కన.
ఆరేళ్ల కిందట ఇదే కొట్లో డాలరుకి కొన్న పోపుల డబ్బా:
ఆవాలు, జీలకర్ర, మెంతులు,
కాగితం పొట్లంలో ఇంగువ.

పై వారం ఒకామె వచ్చింది. పేరు చిట్స్కె.
నాకు చిట్టి అనే వినబడింది. అలాగే పిలిచాను, పలికింది.
ఓడ దిగేటప్పటికి నాలుగేళ్లట. ఇప్పుడు ఎనభై దాటాయి.
"మా అమ్మ దగ్గర ఇవే ఉండేవి.
అరవై ఏడు కార్చిచ్చులో ఇంటితో పాటు ముద్దయిపోయాయి.
నెలలు నేర్చుకున్నది వీటి మీదే.
డబ్బా మీద డిసెంబరంటే మంచు,
కిటికీ బయట డిసెంబరంటే ఎండ.
ఏది నిజమే అమ్మా అంటే
ముందు మూత పెట్టు, చీమలొస్తాయి అనేది."

పన్నెండోది ఏదీ అని ఆమె అడగలేదు.
డబ్బాల మధ్య ఉన్న ఖాళీ మీద చెయ్యి పెట్టింది, అంతే.

ఆ రాత్రి డబ్బా ఖాళీ చేశాను.
సబ్బు, నిమ్మచెక్క, వేడినీళ్లు. ఇంగువ కదల్లేదు.
మూత తుడిచి లైటు కింద పెట్టినప్పుడు చూశాను,
కొన్నాక మొదటిసారి, చూడ్డమంటూ చూశాను:
ఉత్త రేకు.
ఆరేళ్లు ఇనప పీచు పెట్టి నేనే తోమేశాను.
అంచున కాస్త నీలం, మూల ఒక చిన్న చెప్పు
మిగిలాయి.

అయినా పట్టుకెళ్లాను.
చిట్స్కె వెలుతురులోకి వంచింది. తుమ్మింది.
రెండోసారీ తుమ్మింది.
అప్పుడు ఉత్త రేకు మీద వేలు పెట్టి
"ఇక్కడ చెట్టు. దీనికానుకుని నిచ్చెన.
నిచ్చెన మీద పిల్ల, చెవులకి చెర్రీలు తగిలించుకుంది,
రెండేసి." జుంకాలన్నమాట, అనుకున్నాను.
"కింద తమ్ముడు. పైనించి పడేస్తుందని
నోరు ఇంత తెరుచుకుని. ఇక్కడ.
ఆ చెప్పు వాడిదే."

డబ్బులొద్దు, తీసుకోండి అన్నాను.
ఆమె పదకొండింటికీ ముప్పై మూడు డాలర్లు
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి,
జులైని నా వైపు జరిపింది.
"మరి నీ గింజలు ఎందులో పోసుకుంటావు?"

పీచు మానేశాను.
వేలికొనలతో కడుగుతున్నాను, నిచ్చెన కదలకుండా.
పోపు చిటపటలాడుతుంటే
ఒక్కోసారి ఓ ఆవగింజ బాణలి దాటి ఎగిరి
మూత మీద పడుతుంది,
సరిగ్గా వాడి నోరున్న చోట.