అడుగుల లెక్క

బండి ఆపినా
రొమ్ములో కంప్రెసర్ ఆగడం లేదని
అనంతపురం పెద్దాసుపత్రికి పోయినా.
షంషాద్ మేడం చీటీ మీద రెండు మాత్రలు రాసి
"నాలుగు లెక్కబెట్టి పీల్చు, ఆరు లెక్కబెట్టి వదులు.
వచ్చిన ఆలోచనను రానీ, పోనీ" అన్నింది.

ఆ ఆదివారమే మా గంగరత్న
కమ్మలు కుదవబెట్టి మూడు వేలు కట్టి
కళ్యాణదుర్గం కల్యాణ మండపంలో నన్ను కూచోబెట్టింది.
చెంపకు మైకు అతికించుకున్న గురువు.
అదే ఊపిరి, అదే నాలుగు, అదే ఆరు.
"నువ్వు మనసు కాదు నాయనా,
మనసును చూసే సాక్షివి.
లోపలికి పో. ఇంకా లోపలికి.
అడుగున ఆనందం ఊట ఉంది."
మొదటి మెట్టు మూడు వేలు, రెండోది ఏడు.
ఈయనదీ అడుగుల లెక్కే.

నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్లు బోరుబండి మీద బతికినోనికి
లోపలికి పోవడం నేర్పుతాడంట!
మూడొందలకు నల్లరాయి,
ఆపైన ఒట్టి దుమ్ము.
తెల్లగా లేచి
చూసేటోళ్ల కనురెప్పల మీద వాలే దుమ్ము.

అయినా కండ్లు మూసుకున్నా.
ఒప్పుకోవాల, కాసేపు నిజంగానే
ఇంజను చప్పుడు దూరం జరిగింది,
ఎవరిదో చేన్లో ఆడుతున్నట్టు.
మాత్ర గుణమో, మంత్రం గుణమో,
చుట్టూ రెండొందల మంది ఒక్కసారి ఊపిరి వదిలిన గుణమో
నాకు తెలీదు.

ఆ నిమ్మళంలోనే కనపడింది
ముత్యాలప్ప చేను.
నాలుగొందల ఇరవై కాడ
నీళ్లు లేవని రాడ్డు నా చేతికి చెప్పింది.
అడుక్కింత అని కూలి.
ఏడొందల దాకా దించినా.
ఆయప్ప కొట్టని టెంకాయ పట్టుకొని
గెనుం మీద నిలబడే ఉండాడు.

"ఊరికే చూడు, తీర్పు చెప్పొద్దు"
అంటాండాడు గురువు.
మేడం కూడా అదే చెప్పింది, ఇంకా మెత్తగా.
ఇద్దరికీ దండమే.
కానీ మా తట్టు
సాక్షంటే ఊరికే చూసేటోడు కాదు,
బోనెక్కి నోరు తెరిచేటోడు.

మర్నాడు పొద్దున్నే బ్రహ్మసముద్రం బస్సెక్కినా.
ముత్యాలప్ప ఎనుముకు గడ్డేస్తాండాడు.
చెప్పినా. అడుగులతో సహా చెప్పినా.
ఆయప్ప చెయ్యి ఆగలేదు.
"నాకూ తెల్సులేబ్బా.
దుమ్ము రంగు మారలేదు గదా.
ఆపమని నా నోటికీ రాలేదు."

నాలుగు లెక్కబెట్టి పీల్చినా.
వదిలేదానికి
ఆరు చాల్లేదు.