బై నంబరు

మున్సిపాల్టీ నా చేతిల పెట్టింది
ఒక రేకు అచ్చు, ఎర్రరంగు డబ్బా,
మూలలు మడతలు పడ్డ రిజిస్టరు.
తలుపుకు పన్నెండు రూపాయలు.
భూత్పూర్ రోడ్డు దాటినంక
ఎడమ దిక్కు ఎన్ని గోడలు లేస్తే
నాకన్ని పన్నెండ్లు.

మొదటి పేజీల మొదటి గీత మీద
ఒక్కటే ఉంది: 14-1-1.
గుడిబండ ఉశెన్న, బర్లకొట్టం.
కరెంటు మీటరు కావాలంటే
ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న నంబరు.
అప్పుడు చుట్టూ ఆముదాలు, నల్లగుండ్లు,
గుండ్ల సందుల సీతాఫలం చెట్లు.
నంబరు పలకనీకి ఒక్క ఊపిరి చాలు.

ఇప్పుడు
14-1-1 బై 6 బై ఏ బై 22 బై 3.
పోస్టాయన సగంల ఆగి ఉమ్మి మింగుతడు.
చేను ఎకరాలైంది,
ఎకరాలు గుంటలైనయి, గుంటలు గజాలైనయి,
ఆ గజాల మీద అన్నదమ్ములు
మెట్లు వేరే పెట్టుకుంటే
ఆడ ఇంకొక బై.
భిన్నాలు రాక బడిల దెబ్బలు తిన్నోన్ని,
ఇయ్యాల ఊరి మీద ఊరంత భిన్నాలే రాస్తున్న.

రోడ్డును మూడుమాట్ల తవ్విండ్రు.
నల్లా పైపుకు ఒకపాలి,
మోరీకి ఒకపాలి,
మూడోది ఎందుకో తవ్వినోనికే తెల్వదు.
వానొస్తే ఆ గుంతలల్ల
స్తంభాల లైట్లు తలకిందులుగ వెలుగుతయి.
ట్రాన్స్‌ఫార్మరు ఇరవై ఇండ్లనాటిది.
ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి
అది మూలుగుతుంటే
అన్ని కిటికీల వెనక మనుషులు
మాట ఆపి వింటరు.

అయినా నాకు ఏడ్వబుద్ధి కాదు.
స్టాఫ్ నర్సు షాహెదా
పదకొండేండ్లు చీటీలు కట్టి
రెండర్రలు లేపింది.
"అంకెలు జెర పెద్దగ రాయన్నా,
ఇన్నేండ్లు పక్కోల్ల నంబరు మీదనే
నాకు ఉత్తరాలు వచ్చినయి" అన్నది.
రంగు ఆరకముందే ఆనుకొని ఫోటో దిగింది.
దుపట్టకు ఎర్రమరక అంటింది.
చూపిస్తే నవ్వింది,
తుడుచుకోలే.

మొన్న ఉశెన్నే వచ్చిండు.
ఇస్త్రీ బట్టలు, కొత్త బండి.
అమ్మి చెడిపోలేదు ఆయన,
దేవరకద్ర దిక్కు రెండింతలు కొన్నడు.
"నా నంబరు యాడుందో సూపియ్యిరా" అన్నడు.
రిజిస్టరుంది. గీతుంది. పేరుంది.
కొట్టం మాత్రం
నలభై ఫీట్ల రోడ్డు కింద ఉంది,
మలుపు కాడ,
సిమెంటు లారీలు గేరు మార్చే జాగల.
ఆయన ఆడ నిలబడి
చెప్పు కొనతోటి తారును గీకిండు.
"గాడి గీన్నే ఉండె.
ఒంటికొమ్ము బర్రె గీన్నే ఈనింది."
ఎనక హారన్ కొడితే
పక్కకు జరిగిండు.

ఇన్ని వందల బైలు ఏలాడుతున్నయి
లేని ఒక్క ఒకటికి.

చివరి గల్లీల
గోడలింకా నడుముకాడికే వచ్చిన చోట
ఒడిశా మేస్త్రీల తాటిపత్రి గుడిసెలు.
మా నాయిన బొంబాయిల
ఇసుంటి వాటి కిందనే పండేటోడట.
మినతి అనే పిల్ల, ఎనిమిదేండ్లుంటయేమో,
డబ్బా చూసి ఉరికొచ్చింది.
"ట్యాంకర్ అన్న నంబర్ అడుగుతడు.
నంబర్ లేదు, నీల్లు లేదు."

గోడ లేదు. తలుపు లేదు.
ఒక నీలం డ్రమ్ము ఉంది.

రిజిస్టరు మూసిన.
డ్రమ్ము వంపుకు రేకు ఆనకపోతే
కుంచెతోనే రాసిన:
14-1-1.
బై లేదు.

పిల్ల ఒక్క ఊపిరిల చదివింది.

తెల్లారి ట్యాంకరు ఆగిందో లేదో నాకు తెల్వదు.
ఈ గోడలకు స్లాబు పడితే
డ్రమ్ము లారీ ఎక్కుతది,
షాద్‌నగరో, కొత్తూరో,
ఒకటి దానెంబడే పోతది.

ఆ పన్నెండు రూపాయలు
నేను బిల్లుల రాయలే.