పట్టాల మీద ఇసుక

మూడూ నలభైకి అలారం.
మాత్ర, గ్లాసుడు నీళ్ళు.
ఇంకో అరగంట దాకా కాఫీ డబ్బా మూత తీయకూడదు.
ఆ అరగంటా కిటికీ అద్దానికి నుదురానించి
వీధి దీపం కింద మంచు ఎటు వాలుతోందో చూస్తాను.
వూచ్ నగరంలో ఆరో నంబరు మొదటి ట్రామ్ నాది.
ఊరు ముసుగుతన్ని పడుకున్నప్పుడు
ఊరిని లాక్కెళ్ళే పని.

రెండేళ్ళ కిందట
నా ఒళ్ళు నాకు చెప్పకుండా డ్యూటీ మానేసింది.
కనుబొమల చివర్లు రాలిపోయాయి.
స్నానాల గది తూము దగ్గర నా జుట్టు
ఎవరి తాలూకో అన్నట్టు చుట్టలు చుట్టుకుంది.
జూలైలోనూ రెండు జతల మేజోళ్ళు.
థియేటర్ మలుపులో ఒకనాడు
యూనిఫాం మూడో గుండీ తెగి
సీటు కిందికి దొర్లిపోయింది, ఇప్పటికీ దొరకలేదు.
వేలికి బిగుసుకున్న ఉంగరాన్ని
మెకానిక్ బోలెస్వావ్ తీగలు కోసే కత్తెరతో కోశాడు.
"ఇరవై రెండేళ్ళ పెళ్ళి, అర నిమిషం పని" అన్నాడు.
నవ్వాను.
నవ్వు కూడా ఆలస్యంగా వచ్చేది ఆ రోజుల్లో.

మా అక్క వెస్వావా
సోదా చేయడానికి వచ్చినదానిలా నా ఫ్రిజ్ తెరిచింది.
"దొంగచాటుగా ఏదో తింటున్నావే దొబ్రొహ్నా."
ఉడికిన బీట్‌రూట్, కాస్త పెరుగు, సగం ఆపిల్.
ముగ్గురు సాక్షులూ నోరు విప్పలేదు.

నేనూ అక్క మాటే నమ్మాను.
తొమ్మిది వారాలు
పల్చటి సూపు, అరచేతిలో దాగేంత నల్ల రొట్టె.
ఆకలి నిద్రలో కూడా నా పక్కనే ఒత్తిగిల్లేది.
ఎనభై ఆరు పాయింట్ నాలుగు.
ఎనభై ఆరు పాయింట్ నాలుగు.
కాటా నన్ను చూడకుండానే
అప్పజెప్పిన పాఠంలా అదే అంకె చెప్పేది.

డాక్టరు చేయి కలిపిన మరుక్షణం
నా చేతిని వదలకుండా అలాగే పట్టుకుంది.
"ఎన్నాళ్ళుగా ఇంత చల్లగా?"
గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి మింగమంది.
మింగడం నాకు బాగా అలవాటే.

మంచు పట్టిన ఎత్తు మీద
ట్రామ్ నడిపినవాళ్ళకి తెలుస్తుంది:
చక్రం జారుతున్నప్పుడు కరెంటు పెంచకూడదు.
పెంచావా, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది,
ఇనుము కేక పెడుతుంది,
బండి అంగుళం కదలదు.
లివర్ వెనక్కి తీయాలి.
పాదం కింది మీట నొక్కాలి.
చక్రం ముందు, పట్టా మీద, పిడికెడు ఇసుక రాలుతుంది.
అప్పుడు మెల్లగా.
పంతొమ్మిదేళ్ళుగా కాళ్ళకు తెలిసిన విద్య
నా సొంత ఎత్తు ఎక్కాల్సి వస్తే గుర్తుకు రాలేదు.

మొదట యాభై, తర్వాత డెబ్భై ఐదు.
రక్తం ఇచ్చి, ఆరు వారాలు ఆగి, మళ్ళీ రక్తం.
భోజనం తిన్నాను, భోజనంలాగే:
గుడ్డు, హెర్రింగ్ చేప, క్యాబేజీ.
ఇంటికి రెండు స్టాపుల ముందే దిగి నడిచాను.
కొన్ని రోజులు నడవలేదు కూడా, ఎందుకు దాచాలి.
ఏడు నెలలకు మూడు కిలోల రెండు వందలు.
అక్క లెక్కలో అది లెక్కలోకే రాదు.
నాకు మాత్రం తడిసిన ఓవర్‌కోటు ఎవరో
వెనక నుంచి మర్యాదగా తీసినట్టుంది.

నిన్న సంగీత పాఠశాల స్టాపులో
ఒక కుర్రాడు సీటు మీద వయొలిన్ పెట్టె మరిచి దిగాడు.
బ్రేకు వేసి, తలుపు తీసి, పరిగెత్తాను.
నలభై అడుగులు, మంచులో, ఈ ఒంటితో.
వాడు థాంక్స్ చెప్పలేదు, జడుసుకున్నాడు పాపం.
తిరిగొచ్చేసరికి అందరూ గడియారాలు చూసుకుంటున్నారు.
రేడియోలో డిపో అడిగింది, మూడు నిమిషాల ఆలస్యం ఎందుకని.
"పరిగెత్తడం వల్ల."
"ఏమిటీ, ట్రామా?"
"కాదు, నేను."

తొడుగులు తీసేశాను.
లివర్ మీద నా అరచేతి చెమట
కొంచెంసేపు మెరిసింది.

ఇవాళ కాటా ఎక్కలేదు.
కాఫీకి ఇంకా పదకొండు నిమిషాలు.