ఐదు మీది చుక్క

సాలో ఊళ్ళో, తెల్లవారని చలికాలపు ఉదయాల్లో
ఇర్మెలి బొటనవేలికి ఒకటే పని:
ఐదు నొక్కు. మళ్ళీ ఐదు.
ఆవగింజంత చుక్క
తగిలిందా, పాస్.
లేదా, పక్కకి.

ఇటుకంత ఫోన్లు కారులో తిరిగిన కాలం
ఆమె పనిలో చేరేసరికే పాతబడింది.
యాంటెన్నా కురచై, మరీ కురచై
ఓ రోజు కనబడకుండా పోయింది.
రాత్రి షిఫ్టులో పాము ఆట ఆడుతూ
ఇర్మెలి చివాట్లు కూడా తింది.

తమ్ముడు ఐమోకి చూపు లేదు.
చలికోటు జేబులోంచి తీయకుండానే
ఆ చుక్క పట్టుకుని
మిగతా అంకెలకి దారి వెతుక్కునేవాడు.
"ఇది నువ్వు నొక్కిందేనా?" అనేవాడు ఫోన్ చేసి.
లక్షల్లో ఎవరికి తెలుసు!
"నేను నొక్కిందే" అనేది.

తరవాత గాజు వచ్చింది
గడ్డకట్టిన సరస్సులా, నున్నగా.
ఫ్యాక్టరీలో దీపాలు వరస వరసే ఆరాయి.

ఇప్పుడు ఐమో ఫోను మాట్లాడుతుంది,
వేలు ఎక్కడుందో అదే చెబుతుంది.
మంచిదే. వాడూ మంచిదే అంటాడు.
అయినా గాజు నట్టనడుమ
ఒక బొట్టు జిగురు ఎండబెట్టుకున్నాడు,
దేనికీ పనికిరాదని తెలిసే.

ఇర్మెలి వచ్చినప్పుడల్లా
కాఫీ చల్లారనిచ్చి
దాన్ని బొటనవేలితో తడిమి,
పాస్, అంటుంది.