తెలుగు క్యూ

బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి
అయిదో అంతస్తు అద్దానికి అంటుకునే రాత్రి
నా ముందు తెలుగు వరుసకట్టి నిలబడుతుంది.
ఒక్కో మాటకు పదకొండు సెకన్లు.
ఉంచాలా, తీసేయాలా.

మెడలో బ్యాడ్జి చూసి జడ్జిననుకుంటారు ఇంట్లో.
తలుపు దగ్గర మనిషిని.
ఇల్లు వాళ్లది, గోడ వాళ్లది,
గోడ మీద రాసుకోండని పిలిచిందీ వాళ్లే.
మా పీజీ ఓనరమ్మా అంతే,
ఫ్రిజ్ మీద కాగితం అంటించింది: గుడ్డు ఉడకబెట్టరాదు.
ఎందుకని అడిగితే
"ఇష్ట ఇల్లాంద్రె ఖాలీ మాడమ్మా" అంది, నవ్వుతూనే.

రెండుంపావుకి ఒక వీడియో.
మిషను ఎర్రగీత గీసి పంపింది: దూషణ, బెదిరింపు.
ఎవరో అక్క, మడకశిర వైపు యాస,
చాప మీద పడుకోబెట్టిన తమ్ముడి గుండె మీద బాదుతూ
"సచ్చినోడా, దొంగ సచ్చినోడా,
నన్నిడిసి యాడికి పోతావురా,
లెయ్, లెయ్యకుంటే సంపుతా నిన్ను"

పదకొండు అయిపోయాయి. ఇంకో పదకొండు.
షెరిన్ మేడం కుర్చీ జరుపుకుంటూ వచ్చింది, కొట్టాయం మనిషి.
"అర్థం చెప్పు. ఒక్క లైన్లో."
మా వైపు పోయినోళ్లని తిడతాం మేడం,
తిట్టకపోతే
ఏడ్చినట్టే కాదు.
ఆమె రూలు చూసింది. నా మొహం చూసింది.
ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయనుకుంటా, స్క్రీన్ వెలుగేమో.
"పదం ఉందా, లేదా?"
ఉంది.

తర్వాతదాన్ని మిషను పట్టలేదు,
ఎవరో ఒక్కరు ఫిర్యాదు చేస్తే వచ్చింది.
ఎంత మంచి తెలుగు! ఒక్క అచ్చుతప్పు లేదు,
సంధులన్నీ కుదిరాయి, "సోదరులారా", "దయచేసి",
మన వీధిలో ఎవరికి ఇల్లు అద్దెకివ్వకూడదో
ఎవరి బండి దగ్గర కూరలు కొనకూడదో
పేరెత్తకుండా, గొంతెత్తకుండా
శుభలేఖలా రాశాడు.
పదం లేదు.
ఉంచాను.

ఆరింటికి షటిల్ బస్సు.
నోరు మంచిదైతే ఊరు మంచిదని మా సైన్సు టీచరు అనేది.
ఆ స్టాపు ఈ రూటులో లేదు.
మారతహళ్లి వంతెన కింద టీ తాగుతుంటే
ఆ అక్క మాట పంటి కింద రాయిలా తగులుతోంది,
ఉమ్మలేను, మింగలేను.

గదికొచ్చి తలుపు సందులో తువ్వాలు కుక్కి
కెటిల్లో ఒక గుడ్డు వేశాను.
నీళ్లు ఎంతకీ మరగవు.
పక్క మంచం పిల్ల లేవకుండా
మూతి దగ్గరికి వంగి మెల్లగా అన్నాను:
ఉడకవేంరా, సచ్చినోడా.