తడి జాడ

అడ్రసా?
నూట ఎనభై రెండు బై పద్నాలుగు బై ఆరు.
సైగాన్‌లో ఇంటి నంబరంటే భిన్నమే బాబూ,
ఒక్కో 'బై' దగ్గర సందు సగమవుతుంది.
రెండో 'బై' దాటాక
బండి అద్దాలు మడుచుకుని పోవాలి.
నీ ఫోనులో ఆ నీలం చుక్క
తల్లి తప్పిన కోడిపిల్లలా అక్కడక్కడే తిరుగుతుంది.

నన్నడుగు.
ఊత్ మన్ అంటారు నన్ను. ఊత్ అంటే కడగొట్టువాడు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వార్డంతటికీ ఐసు వేస్తున్నాను.
కాఫీ సంగతి నాకేం తెలీదు గానీ
ఎవరెంత ఐసు కొంటారో తెలుసు.

కాలువ గట్టున గొడుగు కింద ప్లాస్టిక్ పీటల కొట్టుంది చూశావా,
రోజుకి మూడు గోనెలు.
వెన్న పోసి మాడ్చిన గింజ, తారు లాంటి డికాక్షను,
అడుగున రెండు వేళ్ల మందాన చిక్కటి పాలు.
ఐసు లేకపోతే గొంతు దిగదు.
తప్పు పట్టను,
మా పిల్లలిద్దరి స్కూలు ఫీజూ ఆ గొడుగే కట్టింది.

గాజు తలుపుల షాపు, లోపల అరటి చెట్టు,
కప్పు చల్లారేదాకా ఫొటోలు దిగే అమ్మాయిలు:
రెండు గోనెలు.

గోనెలు తగ్గేకొద్దీ కాఫీ బాగుంటుందని
నాకు నేను కట్టుకున్న లెక్క.
ఈమధ్య కుర్రాళ్లు దలాత్ కొండల నుంచి గింజ తెచ్చుకుని
త్రాసులో తూచి, గడియారం చూస్తూ నీళ్లు పోస్తున్నారు,
చంటివాడికి మందు పట్టినట్టు.
వాళ్లు పెరిగేకొద్దీ నా బండి తేలికవుతోంది.
మంచి కాఫీ అంటే నా పొట్ట కొట్టేదే, ఏం దాచను.

జియెప్ థూ కొట్టు నాలుగో అంతస్తులో.
పాత క్వార్టర్సు. మెట్ల కటకటాలకి ఆరేసిన బట్టలు,
రెండో అంతస్తులో పెద్దల పటాల ముందు అగరొత్తులు,
మూడో అంతస్తులో ఏళ్ల తరబడి
ఒకే పాట సాధన చేసే పిల్ల.
బోర్డు లేదు. అయిదు కుర్చీలు.
కొనేది వారానికి ఒక్క గడ్డ.
ఒక్క గడ్డకి ఇన్ని మెట్లా అని
నాలుగు వారాలు సణిగాను.

అయిదో వారం వాన.
మా ఊరి వాన, చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయే చుట్టం.
కూర్చోమంది.
నా గడ్డనే సుత్తితో కొట్టి
ఒక ముక్క గ్లాసులో వేసి
దాని నెత్తినే వేడి కాఫీ బొట్టు బొట్టుగా వదిలింది.
టప్‌మని పగిలింది ఐసు.
జన్మంతా విన్న చప్పుడే,
అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

పుల్లగా ఉంది. పాడైందేమో అనుకున్నాను.
ఆగితే,
దోర చింతకాయ నాలిక మీద మెల్లగా
తీపి వైపు తిరిగినట్టు.

బాగుందా అని అడగలేదామె.
"పదకొండు మంది ఐసు రుచి చూశాను మామా,
ఒకరిది బ్లీచింగు, ఒకరిది తుప్పు, ఒకరిది చేపల పెట్టె.
నీ ఐసుకి ఏ రుచీ లేదు.
వంతెన అవతల నుంచి నిన్ను వెతుక్కుంటూ వచ్చింది అందుకే" అంది.

ఏ రుచీ లేదట!
రాత్రి రెండింటికి లేచి
మా ఆవిడ నీళ్లు రెండోసారి వడకడుతుంటే
ఎవడికి తెలుస్తుందే అని ఎన్నిసార్లు కసిరానో.
ఇంటికెళ్లి చెప్పాను ఈ మాట.
"అయితే?" అని
దీపం ఆర్పేసింది.

నీకు అడ్రసు అక్కర్లేదులే.
గురువారం తొమ్మిదింటికి రా.
మెట్ల మీద నీటి చుక్కలుంటాయి,
నా భుజం మీది గోనె కార్చినవి.
వాటి వెంట ఎక్కు.
పాట వినపడ్డ చోట ఆగకు, ఇంకొక్క అంతస్తు.

ఆలస్యం మాత్రం చేయకు.
ఈ ఊరి ఎండ
పదింటికల్లా నా దారి తాగేస్తుంది.