రూం నంబర్ పదకొండు

శనివారం రెండున్నరకు
దేవరకొండ డిగ్రీ కాలేజీల
పోరగాండ్లు లేచిపోయిన బెంచీల మీద
మేం కూసుంటం.
ఇరవై ముగ్గురం.
లెక్క నాదే. ముప్పై ఒక్క ఏండ్లు బస్సుల టికెట్లు కొట్టినోన్ని,
యాడ నలుగురు కూసున్నా తలకాయలు లెక్కవెట్టుడు
పింఛన్ వచ్చినంక గూడ పోని జబ్బు.

ముందటి బెంచీల మర్రిగూడ అనసూయమ్మ.
నీళ్లు తిన్న బొక్కలు, మోకాళ్లు వంగయి,
బెంచీల పట్టక కాళ్లు నడవల చాపుతది.
కుంచెను మాత్రం సూదోలె పట్టుకుంటది.
ఆమె ఎన్క చెప్పుల దుకాణం ఖాసిం సాబ్,
డబ్బాల పచ్చరంగంత ఆయనకే కావాలె.
ఆఖరి బెంచీ, కిటికీ పక్క,
కేతావత్ సక్రు నాయక్.

ఫారం నింపేనాడు గుమాస్తా అడిగిండు,
నాయక్ అంటె పేరా, ఫౌజుల హోదానా?
"ఒకటి తండాల పుట్టంగనే వచ్చింది.
ఇంకోటి తొమ్మిదేండ్లు
కంచరగాడిదల ఎన్క మంచుల నడిస్తె వచ్చింది.
నీ గడిల రెండు పడుతయా?"
పట్టలే. ఒక్కటే రాసిండు.
అది ఏ నాయకో ఇప్పటికీ ఎవలికి ఎర్కలేదు.

తబస్సుమ్ మేడం డిగ్రీ పిల్లలకు చెప్పేది చెట్ల చదువు,
మాకు నీళ్లరంగులు.
"తెలుపు డబ్బాల దొరకదు," అంటది.
"తెలుపు కావాలంటె
కాగితాన్ని ముట్టకుండ ఇడిసిపెట్టాలె."
అదే మాతోటి కాదు.
ఖాళీ జాగ కనిపిస్తె నింపుడే తెలిసినోళ్లం.
నేనైతే ఫుట్‌బోర్డు దాక నింపినోన్ని.

మొన్న కాలేజీ జెండా కింద
మాజీ ఫౌజోళ్లకు సన్మానం.
మనుషులు ఏడుగురు, శాలువలు ఆరు.
(లెక్క నన్నడగలే మరి.)
ప్రిన్సిపాల్ సారు తన మీది శాలువ తీసి
ఏడో ఆయనకు కప్పిండు.
ఆ ఏడో ఆయన సక్రు.

"యుద్ధం గురించి రెండు ముక్కలు చెప్పు తాతా!"
మైకు ఒకసారి కూత వెట్టింది.
ఆయన అది ఆగేదాక ఆగిండు.
"ఐదు వందల పదిహేడు," అన్నడు.
మల్ల చానసేపు ఏమనలే.
ముందు వరుసల ఒక పోరడు పక్కోని చెవుల,
"అంత మందిని సంపిండారా?"

"గిట్ట మీద నంబరు.
మస్తు బరువు మోసింది.
జారిననాడు దాని మీది మూట దించుడు
నా చేతులతోటి కాలే.
తాడు గడ్డకట్టింది."
మైకు బల్ల మీద పెట్టి కూసున్నడు.
చప్పట్లు కొట్టాల్నా వద్దా అని
అందరు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు,
ఆఖరికి కొట్టిండ్రు.

ఇయ్యాల మల్ల శనివారం.
శాలువ తండాల ఎవరో బాలింతకు ఇచ్చిండట.
కాగితమంత తెల్లగ ఉంచిండు.
నడిమిట్ల రెండు చెవులు, బూడిదరంగువి.
అంతే.
"ఇంక శురువే చెయ్యలేదా అన్నా?" అన్నది అనసూయమ్మ.
"అయిపోయింది.
మంచు చెవుల దాక ఉండె."

మేడం చానసేపు నిలబడ్డది.
ఏ పాఠం చెప్పలే.

హాజరు పట్టీల నేను ఇరవై నాలుగు రాసిన.
మేడం తలకాయలు లెక్కవెట్టింది, ఒకటికి రెండుసార్లు.
"ఇరవై ముగ్గురే గద సార్?"
"ఇంకొకలు స్టాండింగ్ మేడం," అన్న.

ఖాసిం సాబ్ కుంచెల పచ్చ ముంచుకొని
ఆఖరి బెంచీ కాడికి వచ్చిండు.
అడుగుడా, వద్దా?
"భాయ్, కింద జరంత గడ్డి వెయ్యనా?"

సక్రు కిటికీల నుంచి ఖిల్లా గుట్ట దిక్కు చూసిండు.
ఎండకు గుట్టంత ఎర్రగ కాలుతున్నది.
కాగితాన్ని ఖాసిం సాబ్ ముందటికి జరిపిండు.
"ఎక్కువ వద్దు," అన్నడు,
"మూతికి అందేటంత."